డాబా మీద, పడవ మీద సోలార్: విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

ప్యానెల్ అదే, ఎండా అదే. ఇంటి మీద పెడితే మాత్రం వెనకాల కరెంటోళ్ల లైను ఉంటుంది. ఎక్కువైతే అటు పంపుతాం, చాలకపోతే అటు నుంచి తెచ్చుకుంటాం. పడవ మీద ఆ ధీమా ఉండదు, రాత్రికి బ్యాటరీలో ఉన్నదే మిగిలేది. అందుకే రెండింటి లెక్కలు వేరు, తీగల మందాలు వేరు, చెడిపోయే తీరు కూడా వేరు. ముందు ఇంటి సంగతి చూసి, తర్వాత పడవలోకి ఎక్కుదాం.

బిల్లులు ముందేసుకోండి

ఎన్ని కిలోవాట్లు పెట్టించాలో డాబా సైజు చూసి తేల్చేస్తుంటారు. అలా చేస్తే అక్కర్లేని డబ్బు పోతుంది. పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసి, నెలనెలా ఎన్ని యూనిట్లు కాలాయో రాసుకోండి. మే నెల ఒక్కటే చూస్తే ఏసీల వల్ల లెక్క పెరిగిపోతుంది, డిసెంబరు ఒక్కటే చూస్తే తగ్గిపోతుంది. సగటు కావాలి.

మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకి 4 యూనిట్లు ఇస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో అంతకంటే బాగా వస్తుంది, జూలై, ఆగస్టు ముసుర్లలో బాగా పడిపోతుంది. నెలకి 120 యూనిట్లు అనుకుంటే చాలు.

ఇప్పుడు అసలు మెలిక చూడండి. ఆంధ్రప్రదేశ్ గృహ వినియోగ శ్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లు రూ.1.90, తర్వాత 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. సోలార్ వచ్చిన ప్రతి యూనిట్ పై శ్లాబు నుంచి కోసుకుంటూ కిందికి దిగుతుంది. అంటే మొదటి కిలోవాట్ మిగిల్చినంత డబ్బు మూడో కిలోవాట్ మిగల్చదు.

నెలకి 350 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకోండి. ఎనర్జీ చార్జీలే సుమారు రూ.2,110. రెండు కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు తగ్గి, మిగిలిన 110 యూనిట్లకి రూ.350 పడుతుంది. అంటే నెలకి రూ.1,760 మిగులు. మూడో కిలోవాట్ కూడా పెడితే ఆ చివరి రూ.350 కూడా పోతుంది, అంతే. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ ఎలాగూ తప్పవు.

సబ్సిడీ కూడా ఇదే దారిలో నడుస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి రూ.30,000, మూడోదానికి రూ.18,000 ఇస్తారు. మొత్తం రూ.78,000 దాటదు. కిలోవాట్ రూ.60,000 అనుకుని లెక్కేస్తే, రెండు కిలోవాట్లకి సబ్సిడీ పోను చేతినుంచి పడేది అరవై వేలు. నెలకి రూ.1,760 చొప్పున మూడేళ్లలోపే వెనక్కి వస్తుంది. మూడో కిలోవాట్‌కి పడే నలభై రెండు వేలు వెనక్కి రావాలంటే పదేళ్లు. ఏడాది తిరిగేలోపు ఇంకో ఏసీయో ఎలక్ట్రిక్ స్కూటరో కొనే ఆలోచన ఉంటే మూడు పెట్టించండి. లేకపోతే రెండుతో ఆగడమే తెలివి. అమ్మేవాళ్లు మూడో కిలోవాట్ గురించే గట్టిగా చెబుతారు, వాళ్ల లెక్క వాళ్లది.

డాబా ఎక్కి చూడాల్సినవి

కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. 540 వాట్ల ప్యానెల్ ఒకటి ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది. బరువు 28 కిలోలకి అటూఇటూ. మూడు కిలోవాట్లకి అలాంటివి ఆరు.

చోటు కంటే నీడ ముఖ్యం. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. ఒక మూల నీడ పడితే ఆ వరస మొత్తం దెబ్బతింటుంది. లోపల నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటు పంపే బైపాస్ డయోడ్లు ఉంటాయి కాబట్టి ప్యానెల్ మొత్తం ఆగిపోదు గానీ, ఎంత మేర నీడ ఉందో అంతకంటే ఎక్కువే పోతుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. ఉదయం తొమ్మిదింటికి వస్తువు ఎత్తుకి 1.7 రెట్ల నీడ పడుతుంది. అంటే ఐదడుగుల వాటర్ ట్యాంకు నీడ ఎనిమిదిన్నర అడుగులు సాగుతుంది. ట్యాంకు, మెట్ల గది, పక్కింటి కొబ్బరిచెట్టు ప్యానెళ్లకి దక్షిణాన, తూర్పున, పడమరన లేకుండా చూసుకోవాలి. ఉత్తరాన ఉంటే అంత ఇబ్బంది లేదు. అలాగని పూర్తిగా మరిచిపోకూడదు. విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికే వెళ్తాడు.

వాలు దక్షిణానికి 12 నుంచి 15 డిగ్రీలు సరిపోతుంది. పది కంటే తగ్గించొద్దు, వాన పడ్డా దుమ్ము కిందికి జారదు. డాబా తీరు బట్టి తూర్పుకో పడమరకో వాల్చాల్సి వస్తే బెంగపడక్కర్లేదు, మన అక్షాంశంలో దానివల్ల పోయేది కొద్దిశాతమే.

పిట్టగోడ ఎత్తులో బిగించాలా, ఏడెనిమిది అడుగుల స్తంభాల మీదా అన్నది ఇంట్లో వాళ్లు తేల్చాల్సిన విషయం. వడియాలు పెట్టుకునే, బట్టలారేసుకునే డాబా అయితే ఎత్తు స్ట్రక్చరే కావాలంటారు. కింద నీడ కూడా వస్తుంది. అయితే గాలి లెక్క మారిపోతుంది. కట్టడాల మీద పడే గాలి లాంటి భారాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం విజయవాడకి తీసుకోవాల్సిన గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి ఉంటుంది. మోటు లెక్కన ఒక్కో ప్యానెల్‌ని 390 కిలోల బలం పైకి లేపుతుంది, ఆరు కలిపితే రెండు టన్నుల పైమాట. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న కాంక్రీటు దిమ్మ బరువు 68 కిలోలే. నాలుగు దిమ్మలు ఊరికే పెట్టి, స్ట్రక్చర్ కూర్చోబెట్టి వెళ్లిపోయే పని తుఫాను రోజున ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు. దిమ్మలు స్లాబుతో కెమికల్ యాంకర్ బోల్టులతో కలవాలి, లేదా కాళ్లు పిల్లర్ల మీదకి, బీముల మీదకి రావాలి. బోల్టు దిగిన ప్రతి చోటా వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే తర్వాతి పని మొదలుపెట్టనివ్వండి.

కొటేషన్‌లో ఉండాల్సినవి

"మూడు కిలోవాట్ల సిస్టమ్, అన్నీ కలిపి ఇంత" అని ఒక్క లైనుతో ఇచ్చిన కొటేషన్ తీసుకోవద్దు. కాగితం మీద కింది విషయాలు విడివిడిగా రాయించుకోండి.

ప్యానెల్ కంపెనీ, మోడల్, వాట్లు, డీసీఆర్ అవునా కాదా. డీసీఆర్ అంటే సెల్స్ కూడా మన దేశంలోనే తయారైనవి. సబ్సిడీ కావాలంటే అవే ఉండాలి. డీసీఆర్ కానివి చవకగా దొరుకుతాయి, పెట్టించాక సబ్సిడీ రాదని తెలిసి తల పట్టుకునేవాళ్లున్నారు.

ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఇంటికి కావాల్సిన ఏసీగా మార్చే పెట్టె) మోడల్, వారంటీ. ప్యానెళ్లకి పాతికేళ్ల పనితీరు వారంటీ ఇస్తారు గానీ ముందు పోయేది ఇన్వర్టరే.

స్ట్రక్చర్ గాల్వనైజింగ్ (జింకు పూత) 80 మైక్రాన్లు, గొట్టం గోడ మందం కనీసం 2 మి.మీ., బోల్టులు ఎస్ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. కోసిన చోట, వెల్డింగ్ చేసిన చోట జింకు పోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. కాబట్టి వెల్డింగ్ కంటే బోల్టుల స్ట్రక్చర్ మేలు.

డీసీ తీగ 4 చదరపు మి.మీ. సోలార్ కేబుల్, ఎండకి తట్టుకునేది. ఇంట్లో వాడే మామూలు వైరు డాబా మీద రెండు మూడు వేసవులకి పెళుసెక్కి పగులుతుంది.

డీసీడీబీ, ఏసీడీబీ (డీసీ వైపు, ఏసీ వైపు ఫ్యూజులు, స్విచ్‌లు ఉండే పెట్టెలు), రెంటిలోనూ వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు కాపాడే సర్జ్ ప్రొటెక్టర్లు. పిడుగు కడ్డీ. మూడు ఎర్తింగులు: ప్యానెళ్లకి, స్ట్రక్చర్‌కి ఒకటి, ఇన్వర్టర్‌కి ఒకటి, పిడుగు కడ్డీకి వేరుగా ఒకటి. మూడూ ఒకే గుంతలో కలిపేసి మూడింటికీ డబ్బు తీసుకోవడం మామూలైపోయింది. గుంతలు తవ్వే రోజు దగ్గర ఉండండి.

జీఎస్టీ సంగతి కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద 12 శాతం కాస్తా 5కి దిగింది. పాత రేటుతో తయారైన కొటేషన్ ఇంకా చేతులు మారుతుంటే అడగండి.

బిగించే రోజు

ఆరు ప్యానెళ్లు సిరీస్‌లో కలిపితే ఖాళీ వోల్టేజీ దాదాపు 300 వోల్టులు. అది డీసీ. ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, తీగ ఊడదీస్తే నిప్పురవ్వ ఆరదు. ఎండలో ప్యానెల్‌ని ఆపే స్విచ్ ఏదీ లేదని గుర్తుంచుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

పని వరస ఇలా ఉండాలి. స్ట్రక్చర్ లెవెల్ చూసి బోల్టులు బిగించాలి. ప్యానెళ్లు ఎక్కించి, మధ్య క్లాంపులు, చివరి క్లాంపులు ఫ్రేము మీద కంపెనీ గుర్తించిన చోటే పెట్టాలి. ప్యానెల్‌కీ రేకుకీ లేదా స్లాబుకీ మధ్య కనీసం అరడుగు గాలాడే చోటు వదలాలి. ఎందుకంటే 44 డిగ్రీల మే ఎండలో సెల్ వేడి 70 దాకా పోతుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతూ, 540 వాట్ల ప్యానెల్ 455 దగ్గరకి వచ్చేస్తుంది. ఎండ మండిపోతుంటే కరెంటు దంచి కొడుతుందనుకుంటారు గానీ, చల్లగా తేటగా ఉండే ఫిబ్రవరి మధ్యాహ్నాలే ప్యానెల్‌కి ఇష్టం.

తర్వాత ఎంసీ4 కనెక్టర్లు, అంటే ప్యానెల్ తీగల్ని ఒకదానికొకటి కలిపే ప్లగ్గులు. మొత్తం పనిలో నిప్పు రాజుకునే చోటు ఇదే. పిన్ను తీగకి దానికోసమే ఉన్న క్రింపింగ్ పట్టకారుతో నొక్కాలి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల నాలుగు పోగులే పట్టుకుని ఉంటాయి. రోజూ 13 ఆంపియర్లు వాటి గుండా పోతుంటే వేడెక్కి, ప్లాస్టిక్ కరిగి, ఒక వేసవి మధ్యాహ్నం నల్లబడుతుంది. మగ ముక్క ఒక కంపెనీది, ఆడ ముక్క ఇంకో కంపెనీది కలపొద్దు, చూడ్డానికి అమరినా సరే. క్లిక్ అని చప్పుడు రావాలి. కలిపాక తీగలు ప్యానెల్ కింద టైలతో పైకి కట్టేయాలి. స్లాబు మీద వేలాడితే వాన నీళ్లలో నానుతాయి, ఎలుకలు కొరుకుతాయి. ఇంద్రకీలాద్రి పక్కన, మంగళగిరి కొండ కింద ఉన్న ఇళ్లకి కోతుల బెడద కూడా ఉంది కాబట్టి తీగలన్నీ గొట్టంలోకి పోవాలి.

ఇన్వర్టర్‌కి కలిపే ముందు మల్టీమీటర్‌తో స్ట్రింగ్ (వరసగా కలిపిన ప్యానెళ్లన్నిటి) వోల్టేజీ, ప్లస్ మైనస్ సరిచూడాలి. ఆరు ప్యానెళ్లకి 290 రావాల్సింది 245 వస్తే ఒకటి కలవలేదన్నమాట. ఎర్తింగ్ 5 ఓమ్‌ల లోపు ఉండాలి.

ఇన్వర్టర్ ఎక్కడ పెట్టాలన్నది విజయవాడలో ఇక ఇష్టాయిష్టాల సంగతి కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులు మునిగాయి. పార్కింగ్‌లో మీటర్ పక్కన పెడితే తీగ తగ్గుతుందని బిగించేవాళ్లు చెబుతారు. పల్లపు పేటల్లో వద్దు. మెట్ల గదిలోనో, పై అంతస్తు వరండాలోనో, ఎండా జల్లూ తగలని నీడ గోడకి పెట్టండి. ఎండ పడే గోడకి పెట్టిన ఇన్వర్టర్ వేడెక్కి తనంతట తనే ఉత్పత్తి తగ్గించుకుంటుంది. ఒకవేళ నీళ్లు వచ్చి ముంచితే, కరెంటు పోయిందని ధైర్యంగా డీసీ పెట్టె ముట్టుకోవద్దు. తెల్లారితే ప్యానెళ్లు మళ్లీ 300 వోల్టులు పంపుతూనే ఉంటాయి.

దరఖాస్తు, నెట్ మీటరు

విజయవాడ, గుంటూరు రెండూ ఏపీసీపీడీసీఎల్ అనే కరెంటు పంపిణీ సంస్థ కిందకే వస్తాయి. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో సర్వీసు నంబరుతో నమోదు చేసుకోవాలి, జాబితాలో ఉన్న వెండర్‌తోనే పెట్టించాలి, తర్వాత నెట్ మీటరు (పంపిన యూనిట్లు, తెచ్చుకున్న యూనిట్లు రెండూ లెక్కేసేది), తనిఖీ, కమిషనింగ్ సర్టిఫికెట్, ఆపైన బ్యాంకు ఖాతాలోకి సబ్సిడీ. చిక్కు ఎక్కువగా పేర్ల దగ్గరే వస్తుంది. మీటరు తాతగారి పేరు మీద, ఆధార్, బ్యాంకు ఖాతా మనవడి పేరు మీద ఉంటే ముందుకి కదలదు. కాబట్టి ముందు సర్వీసు పేరు మార్పించుకోండి. బీసీ, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి రాష్ట్రం వైపు నుంచి అదనపు సాయం ఉంది, దరఖాస్తుకి ముందే సెక్షన్ ఆఫీసులో అడగండి.

కరెంటు పోతే సోలారూ పోతుంది

చాలామంది పెట్టించాక గానీ ఈ సంగతి తెలుసుకోరు. ఆన్‌గ్రిడ్, అంటే కరెంటోళ్ల లైనుతో కలిసి నడిచే ఇన్వర్టర్, లైనులో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కి మీ డాబా కరెంటు తగలకూడదు కదా. పట్టపగలు ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగదు.

దీనికి చవకైన మార్గం, ఇంట్లో ఇప్పటికే ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీకి ఒక ప్యానెల్ విడిగా కలపడం. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీకి 15 ఆంపియర్ల చార్జింగ్ హాయిగా సరిపోతుంది. 330 వాట్ల ప్యానెల్ ఒకటి, 30 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి వీలైనంత పిండి బ్యాటరీకి సరైన వోల్టేజీలో ఎక్కించేది) ఒకటి తెచ్చి, చార్జింగ్ పరిమితి 15కో 20కో పెట్టుకోవాలి. ఇది గ్రిడ్‌తో కలవదు, సబ్సిడీ రాదు, అనుమతీ అక్కర్లేదు. లైనుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ పెట్టుకునే స్తోమత ఉంటే సరే. కోతలు రోజుకి అరగంట దాటని పేటల్లో ఆ ఖర్చు దండగ.

వచ్చే జబ్బులు

మధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగి, మూడింటికి తనే మళ్లీ మొదలైతే అది ప్యానెళ్ల తప్పు కాదు. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు సన్నంగా ఉండి, మీరు పంపే కరెంటుకి ఇంటి దగ్గర వోల్టేజీ పరిమితి దాటుతోంది. సర్వీసు వైరు లావుది మార్పించాలి. వానాకాలం తెల్లవారుజామున "ఐసొలేషన్" (కరెంటు ఎక్కడో నేలకి కారుతోంది) అని ఎర్రలైటు వచ్చి, ఎండెక్కాక పోతే ఏదో కనెక్టర్ నీళ్లలో నానుతోందన్నమాట. తడి ఆరిపోయింది కదా అని వదిలేస్తే మరుసటి ఏడాది అదే కాలిపోతుంది.

కడగడం ఒక పెద్ద పని కాదు, ఎప్పుడు ఎలా అన్నదే ముఖ్యం. సూర్యుడు రాకముందో, పొద్దు వాలాకో కడగాలి. కాలిన అద్దం మీద చన్నీళ్లు కొట్టకూడదు. సబ్బు వద్దు, మెత్తటి బ్రష్ చాలు. గుంటూరు వైపు చాలాచోట్ల బోరునీళ్లు ఉప్పన, ఆరితే తెల్ల చారికలు మిగులుతాయి, అవి మళ్లీ వదలవు. మున్సిపాలిటీ నీళ్లు గానీ వాననీళ్లు గానీ వాడండి. ఇబ్రహీంపట్నం, కొండపల్లి చుట్టుపక్కల థర్మల్ స్టేషన్ బూడిద పడుతుంది. అది మంచుకి తడిసి ఎండితే పొరలా అంటుకుంటుంది. అక్కడ చలికాలంలో వారానికోసారి, మిగతా చోట్ల పదిహేను రోజులకోసారి. వానాకాలంలో దేవుడే కడుగుతాడు.

ఇక పడవ

ముందొక భ్రమ తీర్చుకోవాలి. పది హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ గంట నడిస్తే ఏడున్నర యూనిట్ల పని. పడవ పైకప్పు మీద పట్టే 200 వాట్ల ప్యానెల్ రోజంతా ఇచ్చేది ముక్కాలు యూనిట్ లోపు. పది పన్నెండు రోజుల ఎండ కూడబెడితే ఇంజన్‌కి ఒక గంట. కాబట్టి మామూలు చేపల పడవలో సోలార్ అంటే దీపాలు, ఫోన్లు, ఫ్యాను, నీళ్లు తోడే పంపు. ఆమాత్రానికే రోజూ బ్యాటరీ భుజాన వేసుకుని ఒడ్డుకి మోసుకెళ్లే బాధ తప్పుతుంది.

ప్రకాశం బ్యారేజీకి ఎగువన రాత్రి వేటకెళ్లే 24 అడుగుల ఫైబర్ పడవ లెక్క ఇలా వేయాలి. 9 వాట్ల ఎల్ఈడీ దీపాలు మూడు, 8 గంటలు: 216 వాట్ అవర్లు. ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, వెనక తెలుపు దారి దీపాలు మూడూ కలిపి 6 వాట్లు, 10 గంటలు: 60. చిన్న డీసీ ఫ్యాను: 120. నాలుగు ఫోన్లు: 60. అడుగున చేరిన నీళ్లు తోడే పంపు 45 వాట్లు, 20 నిమిషాలు: 15. మొత్తం 471. నష్టాలకి ఇరవై శాతం కలిపితే 565.

ఇంటి మీద రోజుకి నాలుగు గంటల పూర్తి ఎండ లెక్కేశాం. పడవ మీద మూడే వేయండి. ప్యానెల్ బల్లపరుపుగా ఉంటుంది, పడవ ఎటు తిరిగితే అటు తిరుగుతుంది, మనిషి నీడా కర్ర నీడా పడుతూనే ఉంటాయి. 565ని మూడుతో భాగిస్తే 190. కాబట్టి 200 వాట్ల ప్యానెల్.

బ్యాటరీ రెండు మబ్బు రోజులకి ఆగాలి, అంటే 1,130 వాట్ అవర్లు. 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 ఉంటాయి. పన్నెండు కిలోల బరువు. ఇదే పని ట్యూబులర్‌తో చేయాలంటే సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 200 ఆంపియర్ అవర్లది కావాలి. అరవై కిలోలు దాటుతుంది, ఊగిసలాటకి యాసిడ్ చిమ్ముతుంది, చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. ఇంట్లో ట్యూబులర్ బంగారమే గానీ పడవలో లిథియం తీసుకోండి. మూత వేసిన పెట్టెలో ఎండకి పెట్టారో, వేసవిలో లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) వేడికి చార్జింగ్ ఆపేస్తుంది. బల్ల కింద నీడలో, అడుగు నీళ్లు తగలనంత ఎత్తులో, గాలి కంతలున్న పెట్టెలో పెట్టి పట్టీతో కట్టాలి.

ప్యానెల్ గట్టి అద్దం ఉన్నదే కొనండి. వంగే ప్యానెల్ తేలిక, అందంగా అతుక్కుంటుంది. ఫైబర్ కప్పుకి గాలి లేకుండా అతికిస్తే మన ఎండకి ఉడికిపోయి త్వరగా నీరసిస్తుంది. పైకప్పు మీద బరువు పెరిగే కొద్దీ పడవ పక్కకి ఒరగడం పెరుగుతుంది కాబట్టి, ఎత్తు స్తంభాలు పెట్టొద్దు. కప్పుకి రెండంగుళాల ఎత్తులో బల్లపరుపుగా బిగించండి. వాలుగా లేపిన ప్యానెల్ గాలివానలో తెరచాపే. నిజాంపట్నం, మచిలీపట్నం నుంచి సముద్రంలోకి పోయే పడవలకి బోల్టులు ఎస్ఎస్ 316, అల్యూమినియం ఫ్రేముకీ స్టీలు బోల్టుకీ మధ్య నైలాన్ వాషర్. అది లేకపోతే ఉప్పునీటికి అల్యూమినియం తెల్లపొడి రాలిపోతూ తినేసుకుంటుంది.

12 వోల్టుల తీగ లెక్క

ఇంటి ఎలక్ట్రీషియన్లు పడవలో తప్పు చేసేది ఇక్కడే. డాబా మీద 250 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు 20 మీటర్లు పోతే, 4 చదరపు మి.మీ. తీగలో ఒక్క శాతం కూడా పోదు. అదే తీగ పడవలో, అదే 13 ఆంపియర్లకి ఐదు మీటర్లకే దాదాపు ఐదు శాతం మింగేస్తుంది. ఎందుకంటే మొత్తం ఉన్నదే 12 వోల్టులు.

లెక్క ఇది: తీగ దూరం మీటర్లలో రెండింతలు చేసి, ఆంపియర్లతో గుణించి, 0.0175తో గుణించి, పోవచ్చనుకున్న వోల్టులతో భాగించాలి. వచ్చేది చదరపు మి.మీ. 12 వోల్టులకి మూడు శాతం అంటే 0.36. పది ఆంపియర్లు ఐదు మీటర్లు పోవాలంటే 4.86 వస్తుంది. కాబట్టి 6 చదరపు మి.మీ. తీగ. దొరికితే తగరం పూత ఉన్న రాగితీగ కొనండి, మామూలు రాగి తేమకి లోపల్లోపలే నల్లబడుతుంది. తీగ చివర లగ్గులు (బోల్టుకి తగిలించే రాగి కొసలు) క్రింప్ చేసి, వేడికి ముడుచుకుని అంటుకునే జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేయాలి. టంకం వేస్తే ఆ చోట తీగ బిరుసెక్కి, పడవ అదురుకి అక్కడే తెగుతుంది.

కలిపే వరస మారకూడదు:

1. ప్యానెల్ మీద గోనెపట్టా కప్పండి.
2. బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరం లోపే 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. తీగ ఎక్కడ రాపిడికి తెగి తగిలినా మంట రాకుండా ఆపేది ఇదొక్కటే.
3. బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్‌కి కలపండి. ముందు బ్యాటరీ తగిలితేనే అది 12 వోల్టుల సిస్టమ్ అని కంట్రోలర్‌కి తెలుస్తుంది.
4. సెట్టింగ్‌లో లిథియం ఎంచుకోండి. ట్యూబులర్ సెట్టింగ్‌లో వదిలేస్తే ఈక్వలైజ్ అని వోల్టేజీ ఎక్కించి బ్యాటరీని బాధిస్తుంది.
5. అప్పుడు ప్యానెల్ తీగలు మధ్యలో ఒక స్విచ్‌తో కంట్రోలర్‌కి కలిపి పట్టా తీయండి. విప్పేటప్పుడు తిరుగు వరస.
6. దీపాలు, ఫ్యాను, ఫోన్లు ఒక్కోదానికి 5 ఆంపియర్ల చిన్న ఫ్యూజుతో ఫ్యూజు పెట్టెలోకి, దాని ముందు ఒక మెయిన్ స్విచ్.
7. నీళ్లు తోడే పంపు మాత్రం మెయిన్ స్విచ్ దాటి, సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి, నీళ్లు పెరిగితే తనే పంపు వేసే ఫ్లోట్ స్విచ్‌తో. అన్నీ ఆపేసి ఇంటికెళ్లిన రాత్రే వాన పడుతుంది.

ఎలక్ట్రిక్ మోటారు పెట్టాలంటే

భవానీ ద్వీపం చుట్టూ తిరిగే తేలికపాటి పడవకి, బ్యారేజీ పైన నిలకడగా ఉండే నీళ్లలో ఇది సాధ్యమే. 55 పౌండ్ల థ్రస్ట్ (ముందుకి నెట్టే బలం) ఉన్న 12 వోల్టుల మోటారు పూర్తి వేగంలో 50 ఆంపియర్లు లాగుతుంది. పైన చెప్పిన 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఎనభై శాతం వాడితే గంటన్నర. ఈ సూత్రం మనసులో పెట్టుకోండి: నీళ్లలో వేగం రెండింతలు కావాలంటే శక్తి ఎనిమిదింతలు కావాలి. అందుకే వేగం సగానికి తగ్గిస్తే, మోటారు నష్టాలు కలుపుకున్నా పది ఆంపియర్లతో సరిపోతుంది, ఎనిమిది గంటలు నడుస్తుంది. దూరం చూస్తే రెండున్నర రెట్లు. మోటారుకి తీగ 16 చదరపు మి.మీ., ఫ్యూజు 60 ఆంపియర్లు. దీపాలకి బ్యాటరీ విడిగా ఉంచండి, మోటారు ఖాళీ చేసినా దారి దీపాలు వెలగాలి.

పెద్ద పడవలో ఎలా ఉంటుందో కేరళలో చూడొచ్చు. వైకోం దగ్గర 2017 నుంచి నడుస్తున్న ఆదిత్య ఫెర్రీకి 75 మంది ప్రయాణికులు, పైకప్పు మీద 20 కిలోవాట్ల ప్యానెళ్లు. తక్కువ వేగం, రోజూ అదే దారి, విశాలమైన కప్పు, మూడూ కుదిరాయి కాబట్టి లెక్క నిలబడింది. మోటారు బిగించిన పడవకి 2021 అంతర్గత నౌకల చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే ఉంటాయని మరవొద్దు.

వరద రోజుల మాట. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి, రెండోది 5.69 లక్షలకి. 2024 సెప్టెంబరులో 11 లక్షలు దాటినప్పుడు కట్లు తెగిన పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్‌వెయిట్లని గుద్దాయి. ప్యానెల్‌ని రెక్కల నట్లతో బిగించి, తీగల దగ్గర ఎంసీ4 జంట ఒక్కటే ఉంచితే, మొదటి హెచ్చరిక వినగానే కంట్రోలర్ ముందు స్విచ్ ఆపి, పావుగంటలో ప్యానెల్, బ్యాటరీ విప్పి ఇంటికి తీసుకుపోవచ్చు. బ్యాటరీని నిండా చార్జి చేసి దాచొద్దు. సగం దగ్గర ఉంచి, రెండు తీగలూ విప్పి, చల్లటి గదిలో పెట్టండి. నెల దాటితే ఒకసారి వోల్టేజీ చూడండి. 12.8 కంటే కిందికి దిగితే కాస్త చార్జి పెట్టాలి.